చైనా విద్యార్థులకు ఇంగ్లిష్ అనువాదం, రీడింగ్ సాధన: ముసలితనంలో ఒంటరితనం అనే పాఠంతో (తరచుగా అడిగే ప్రశ్నలు)

చైనా కాలేజీ విద్యార్థులకు ఇంగ్లిష్ చెబుతున్న తెలుగు టీచర్లు, అక్కడే వైద్యం చదువుతూ తోటి చైనా విద్యార్థులకు ఇంగ్లిష్‌లో సాయపడుతున్న మన పిల్లలు తరచూ అడిగే ప్రశ్నలివి. ఉదాహరణలన్నీ ముసలితనంలో ఒంటరితనం అనే ఒక్క విషయం చుట్టూనే ఎంచుకున్నాను. కారణం రెండో జవాబులో ఉంది.

చైనా విద్యార్థులు ఏ పరీక్షల కోసం అనువాదం సాధన చేస్తారు?

ముఖ్యంగా రెండింటి కోసం. మొదటిది కాలేజీ ఇంగ్లిష్ పరీక్ష, అంటే సీఈటీ. ఇందులో 4, 6 అని రెండు స్థాయిలున్నాయి. నాలుగో స్థాయి 1987 నుంచి జరుగుతోంది. ఏడాదికి రెండుసార్లు, జూన్‌లోనూ డిసెంబర్‌లోనూ పెడతారు. మొత్తం మార్కులు 710. వినడానికి 35 శాతం, చదవడానికి 35 శాతం, రాయడానికి 15 శాతం, అనువాదానికి 15 శాతం. 2013 డిసెంబర్ నుంచి అనువాదం విడి వాక్యాలుగా కాక పూర్తి పేరాగా ఇస్తున్నారు. నాలుగో స్థాయిలో 140 నుంచి 160 చైనా అక్షరాలు, ఆరో స్థాయిలో 180 నుంచి 200 అక్షరాలు ఉంటాయి. అరగంటలో చైనీస్ నుంచి ఇంగ్లిష్‌లోకి మార్చాలి. నాలుగో స్థాయిలో 425 వస్తేనే ఆరో స్థాయి రాయనిస్తారు కాబట్టి పిల్లలందరి కళ్ళూ ఆ అంకె మీదే ఉంటాయి.

రెండోది పీజీ ప్రవేశ పరీక్ష, వాళ్ళ మాటలో ఖావ్‌యాన్. ఇక్కడ దారి తిరగబడుతుంది, ఇంగ్లిష్ నుంచి చైనీస్‌లోకి చేయాలి. ఇంగ్లిష్-1 పేపర్లో ఒక ప్యాసేజీలో గీత గీసిన ఐదు వాక్యాలిస్తారు, 10 మార్కులు. ఇంగ్లిష్-2లో ఒక చిన్న పేరా మొత్తం అనువదించాలి, 15 మార్కులు. కాలేజీలో చేరేముందు రాసే గావ్‌ఖావ్‌లో ఇంగ్లిష్‌కు 150 మార్కులున్నా, అనువాదం ప్రశ్న షాంఘై పేపర్లో తప్ప సాధారణంగా కనిపించదు. అందుకే చాలామంది కాలేజీకి వచ్చాకే మొదటిసారి పేరా అనువాదానికి కూర్చుంటారు.

ఇన్ని విషయాలుండగా ఒంటరితనమే ఎందుకు?

వాళ్ళకు ఇది ఇంట్లో విషయం. 2020 జనాభా లెక్కల ప్రకారం చైనాలో అరవై దాటినవాళ్ళు 26.4 కోట్లు, జనాభాలో 18.7 శాతం. పని కోసం తల్లిదండ్రులు తీరప్రాంత నగరాలకు వెళ్ళిపోతే ఊళ్ళో తాతయ్య, నానమ్మల దగ్గర పెరిగిన పిల్లలు ఎంతోమంది. వాళ్ళను అక్కడ 'ఇంట్లో మిగిలిపోయిన పిల్లలు' అంటారు. ఆ పిల్లలే పెద్దవాళ్ళై చదువుకు వేరే ఊరు వెళ్తే, ఇంట్లో ఇప్పుడు మిగిలేది తాతయ్య, నానమ్మ. దానికీ ఒక మాటుంది: ఖొంగ్‌ఛావ్ లావ్‌రెన్, అంటే ఖాళీ గూటిలో ముసలివాళ్ళు. దాదాపు 1980 నుంచి 2015 దాకా సాగిన ఒక్క బిడ్డ విధానం వల్ల చాలా కుటుంబాల్లో నలుగురు తాత, నానమ్మ, అమ్మమ్మలకు, ఇద్దరు తల్లిదండ్రులకు ఒకే మనవడో మనవరాలో ఉన్నారు. కృష్ణా, గోదావరి జిల్లాల్లో పిల్లలు అమెరికాలో ఉండి, పెద్దవాళ్ళు మాత్రమే ఉంటున్న మేడలు చూసినవాళ్ళకు ఈ పరిస్థితి విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఈ పరిచయం ఒక దిక్కున ఎంతో సాయం చేస్తుంది, ఇంకో దిక్కున దెబ్బ తీస్తుంది. చైనీస్ నుంచి ఇంగ్లిష్‌లోకి రాసేటప్పుడు చెప్పాల్సింది కడుపులో ఉంటుంది కాబట్టి విద్యార్థి వాక్యం వెతుక్కుని మరీ రాస్తాడు. ఇంగ్లిష్‌లో చదివేటప్పుడు మాత్రం పేజీ మీద ఉన్నది వదిలేసి తనకు తెలిసినది చదువుకుంటాడు. సాధన ఈ రెండు వైపులా జరగాలి. చాలామంది టీచర్లు మొదటిదాంతోనే ఆగిపోతున్నారని నా అభిప్రాయం.

తెలిసిన విషయమైతే చదవడం తేలిక కదా, దెబ్బ ఎలా తీస్తుంది?

ఒంటరితనం మీద ఇంగ్లిష్‌లో వచ్చే వ్యాసాలు ఎక్కువగా మానసిక శాస్త్ర పరిశోధనల మీద నడుస్తాయి. వాటి వాదన ఇలా ఉంటుంది: మనిషి కోరుకున్న బంధాలకూ నిజంగా ఉన్న బంధాలకూ మధ్య తేడాయే ఒంటరితనం. కాబట్టి ఒక్కడే ఉన్నవాడు హాయిగా ఉండొచ్చు, పదిమంది మధ్య ఉన్నామె ఒంటరిగా ఉండొచ్చు. పెర్ల్‌మన్, పెప్లావ్ అనే పరిశోధకులు 1981లో ఇచ్చిన నిర్వచనమే దీనికి మూలం.

ఇలాంటి ప్యాసేజీ కింద 'రచయిత ప్రకారం వృద్ధుల ఒంటరితనానికి ముఖ్య కారణం ఏది' అని అడిగి, నాలుగు ఆప్షన్లలో ఒకటి 'పిల్లలు తరచూ రాకపోవడం' అని పెడతారనుకోండి. తెలివైన విద్యార్థి కూడా దానికే టిక్ పెడతాడు. అమ్మానాన్నల్ని చూసుకోవడం ధర్మం అని చిన్నప్పటి నుంచీ విన్న మనసు అది. ప్యాసేజీలో ఆ మాటే లేదని చూపిస్తే ఆశ్చర్యపోతాడు. 'కానీ అది నిజమే కదా టీచర్' అంటాడు. నిజమే, కానీ అడిగింది రచయిత ఏమన్నాడని.

దీనికి నేను చేయించే పని ఒకటుంది. ఆప్షన్లు కాగితంతో కప్పేసి, ప్యాసేజీ చదివాక రచయిత అభిప్రాయాన్ని చైనీస్‌లో ఒక్క వాక్యంలో రాయమంటాను. దాని కిందే తన సొంత అభిప్రాయాన్ని ఇంకో వాక్యంలో రాయాలి. రెండూ పక్కపక్కన కనబడ్డాక ఆప్షన్లు తెరవాలి. ఎంచుకున్న ప్రతి జవాబూ ప్యాసేజీలో ఏ లైనులో ఉందో చూపించాలి. చూపించలేకపోతే ఆ జవాబు తన ఇంటి నుంచి వచ్చిందన్నమాట. మొదట్లో ఇది విసుగ్గా ఉంటుంది, టైమూ పడుతుంది. అయినా పట్టుబట్టండి.

ముఖ్యమైన పదం దొరకలేదని మధ్యలో ఆగిపోతున్నారు. ఏం చేయాలి?

ప్రశ్నలో ఉన్న పదాన్నే ప్యాసేజీలో వెతకడం అలవాటు చేసుకున్నవాళ్ళకు ఈ ఇబ్బంది వస్తుంది. ఒంటరితనాన్ని కొలవడానికి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలిస్‌లో 1978లో తయారైన కొలమానం పేరు చాలా వ్యాసాల్లో తగులుతుంది. దాని మూడు ప్రశ్నల పొట్టి రూపంలో 'లోన్‌లీ' అన్న మాటే ఉండదు. తోడు లేదనిపిస్తుందా, నన్ను పక్కనపెట్టారనిపిస్తుందా, అందరికీ దూరమైపోయాననిపిస్తుందా అని మాత్రమే అడుగుతారు. 'మీరు ఒంటరిగా ఉన్నారా' అని నేరుగా అడిగితే చాలామంది ఒప్పుకోరు మరి. ఆ మూడు ప్రశ్నలనే విద్యార్థికి ఇచ్చి, ఇవన్నీ దేని గురించి అని అడగండి. ఒకే భావాన్ని ఇంగ్లిష్ ఎన్ని మాటల్లో చెబుతుందో ఆ ఒక్క కాగితం మీదే తెలుస్తుంది. పరీక్ష పెట్టేవాళ్ళు సరిగ్గా ఇలాగే ప్రశ్నలో ఒక మాట, ప్యాసేజీలో దానికి ఇంకో మాట వాడతారు.

పొడవైన ఇంగ్లిష్ వాక్యం చూడగానే తడబడుతున్నారు. తెలుగువాళ్ళుగా మనం ఏమైనా చేయగలమా?

ఇక్కడ మనకొక వీలుంది. విశేషణంలా పనిచేసే వాక్యభాగం చైనీస్‌లో నామవాచకానికి ముందు వస్తుంది, తెలుగులోనూ అంతే. 'ఊళ్ళో ఉంటున్న ముసలివాళ్ళు' అని మనమంటాం. చైనీస్‌లో కూడా ముందు 'ఊళ్ళో ఉంటున్న', తర్వాత 'ద' అనే చిన్న అక్షరం, ఆ తర్వాత 'ముసలివాళ్ళు'. ఇంగ్లిష్‌లో ముందు ముసలివాళ్ళు వచ్చేస్తారు, ఎక్కడ ఉంటారో తర్వాత తెలుస్తుంది. మనం చిన్నప్పుడు ఇంగ్లిష్ నేర్చుకునేటప్పుడు ఎక్కడ తడబడ్డామో వాళ్ళూ అక్కడే తడబడతారు. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న టీచరుకు ఈ తడబాటు కనబడకపోవచ్చు.

ఒక వాక్యం తీసుకుందాం: 'రెండేళ్ళ కిందట భార్య చనిపోయిన, కొడుకు షెన్‌జెన్‌లో పనిచేస్తున్న పక్కింటి ముసలాయన రోజూ సాయంత్రం పార్కులో చదరంగం ఆడేవాళ్ళను చూస్తూ కూర్చుంటాడు.' తెలుగులో ఇది సాఫీగా సాగుతుంది, చైనీస్‌లోనూ ఇంచుమించు ఇలాగే సాగుతుంది. ఇంగ్లిష్‌లోకి మార్చేటప్పుడు విద్యార్థి ఇదే వరుసలో మొదలుపెట్టి, 'రెండేళ్ళ కిందట భార్య చనిపోయింది' దగ్గరే వాక్యం ముగించేస్తాడు. ఆ తర్వాత వచ్చే ముసలాయన ఎవరో తెలియదు.

ముందు ఎముకలు తీయించండి: ముసలాయన కూర్చుంటాడు. అంతే. తర్వాత ఎక్కడ, ఎప్పుడు, ఏం చూస్తూ. చివరికి ఆయన ఎవరు: భార్య సంగతి, కొడుకు సంగతి. ఈ రెండు విషయాలూ ఒకే వాక్యంలో ఇరికించాలా, వేరే వాక్యం చేయాలా అన్నది విద్యార్థే నిర్ణయించుకోవాలి. నేనైతే వేరే వాక్యమే చేయమంటాను. పరీక్షలో దిద్దేవాళ్ళకు కావాల్సింది తప్పుల్లేని స్పష్టమైన ఇంగ్లిష్.

ఇంగ్లిష్ నుంచి చైనీస్‌లోకి వెళ్ళేటప్పుడు ఇదే పని వెనక్కి చేయాలి. నామవాచకం తర్వాత వేలాడుతున్న భాగాన్ని ముందుకు తేవాలి. అది మరీ పొడవైతే రెండు చిన్న వాక్యాలుగా తెంపాలి.

కాలం విషయంలో ఎందుకంత ఇబ్బంది?

చైనీస్ క్రియలకు భూత, వర్తమాన రూపాలు లేవు. పని జరిగిపోయిందో, ఇంకా సాగుతోందో 'ల', 'గువొ', 'జ' లాంటి చిన్న మాటలు చెబుతాయి. వాటిని పట్టించుకోకుండా అనువదిస్తే మనిషి బతుకే మారిపోతుంది. చూడండి: 'యేయే యీగరెన్ జూ ల షి న్యెన్.' తాతయ్య పదేళ్ళు ఒంటరిగా ఉన్నాడు. ఆ పదేళ్ళూ అయిపోయినట్టే వినిపిస్తుంది, తర్వాత కొడుకు దగ్గరికి వెళ్ళాడో, పోయాడో. చివర ఇంకో 'ల' చేరిస్తే: తాతయ్య పదేళ్ళ నుంచీ ఒంటరిగా ఉంటున్నాడు. ఇప్పటికీ ఉన్నాడు. ఇంగ్లిష్‌లో ఈ తేడాను క్రియే మోయాలి, మొదటిదానికి మామూలు భూతకాలం, రెండోదానికి 'హ్యాజ్ లివ్డ్' లేదా 'హ్యాజ్ బీన్ లివింగ్'.

వ్యాకరణం పేర్లు చెప్పి మొదలుపెట్టకండి. 'తాతయ్య ఇప్పుడు ఎక్కడున్నాడు' అని అడగండి. జవాబు చెప్పాక క్రియ దానంతటదే సరిపడుతుంది.

అంకెల్లో తప్పులు ఎలా తగ్గించాలి?

చైనీస్‌లో వెయ్యి తర్వాత పెద్ద మెట్టు వాన్, అంటే పదివేలు. ఆ తర్వాతది యీ, అంటే పదికోట్లు. మనకు లక్ష, కోటి. ఇంగ్లిష్‌కు మిలియన్, బిలియన్. వృద్ధుల జనాభాను చైనీస్‌లో 2.64 యీ అని రాస్తారు. విద్యార్థి హడావిడిలో దాన్ని 2.64 బిలియన్ చేసేస్తాడు. అసలు దేశ జనాభాయే 1.41 బిలియన్! సరైనది 264 మిలియన్. యీ చూడగానే వందతో గుణించి మిలియన్ పెట్టమనండి, వాన్ చూడగానే పదితో గుణించి వేలు పెట్టమనండి. లక్షలూ కోట్లతో ఇలాంటి తిప్పలు మనమూ పడ్డవాళ్ళమే కాబట్టి ఓపిగ్గా చెప్పగలం.

బంధుత్వ పదాలను ఏం చేయాలి?

నాన్న వైపు తాత యేయే, అమ్మ వైపు తాత వాయ్‌గొంగ్. ఇంగ్లిష్‌లో ఇద్దరూ ఒకటే. కథకు ఆ తేడా కావాలంటే 'అమ్మ తండ్రి' అని రాయాలి, లేకపోతే వదిలేయొచ్చు. ఇక వృద్ధులను ప్రస్తావించేటప్పుడు అమెరికా మానసిక శాస్త్ర సంఘం శైలి 'ఓల్డర్ అడల్ట్స్' వాడమంటుంది. పరీక్షలో 'ది ఎల్డర్లీ' అని రాసినా నష్టం లేదు.

నాలుగు అక్షరాల జాతీయాలు, అంటే చెంగ్‌యు, వస్తే?

వీటికి పిల్లలు భయపడతారు. 'దూ ఝ రూ న్యెన్' తీసుకోండి, రోజు ఏడాదిలా గడుస్తోందని. మనం 'రోజొక యుగంలా ఉంది' అనేది ఇదే. ఇంగ్లిష్‌లో ఏడాదినీ యుగాన్నీ పట్టుకు వేలాడక్కర్లేదు, రోజులు గడవడం లేదని మామూలుగా చెబితే చాలు. 'శ్యాంగ్ యీ వేయ్ మింగ్' ఇంకొంచెం కష్టం. ఒకరికొకరే ప్రాణాధారంగా బతకడం. నానమ్మ, మనవరాలు ఇద్దరే మిగిలిన ఇంటి గురించి ఈ మాట వాడతారు. దీన్ని రెండు మాటల్లో తేల్చేయకుండా, వాళ్ళకు ఇంకెవరూ లేరు అన్న వాక్యాన్ని చేర్చమనండి. అక్షరాలు పోయినా అర్థం మిగలాలి.

1898లో యెన్ ఫు అనే అనువాదకుడు ఇంగ్లండ్ శాస్త్రవేత్త హక్స్‌లీ రచనను చైనీస్‌లోకి తెస్తూ, మూలానికి నమ్మకంగా ఉండడం, చదివేవాడికి చేరడం, అందంగా ఉండడం అని మూడు లక్షణాలు చెప్పాడు. చైనాలో అనువాదం నేర్చుకునేవాళ్ళందరికీ ఇవి కంఠస్థం. పరీక్ష విద్యార్థి మొదటి రెండింటినీ సాధించాక మూడోదాని జోలికి వెళ్ళాలి. అందం కోసం ముందే పరుగెత్తిన పేరాల్లో తప్పులు ఎక్కువ.

పిల్లలు తల్లిదండ్రులను చూడ్డానికి వెళ్ళాలని చైనాలో చట్టం ఉందట. పాఠంలో వాడొచ్చా?

తప్పకుండా, మంచి సాధన అవుతుంది. వృద్ధుల హక్కుల రక్షణ చట్టాన్ని 2012లో సవరించారు, 2013 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. విడిగా ఉంటున్న కుటుంబసభ్యులు వృద్ధులను తరచూ చూసిరావాలి లేదా కుశలం అడగాలి అని అందులో ఉంది. అమల్లోకి వచ్చిన రోజే వూషీ నగరంలో ఒక కోర్టు, 77 ఏళ్ళ తల్లిని కనీసం రెండు నెలలకోసారి వెళ్ళి చూడాలని కూతురికి తీర్పు చెప్పింది. చాంద్రమానం ప్రకారం తొమ్మిదో నెల తొమ్మిదో రోజున వచ్చే పండుగను వృద్ధుల దినంగా ప్రకటించింది కూడా ఈ చట్టమే.

చట్టంలో వాడిన 'యింగ్‌దాంగ్' అనే మాటను 'మస్ట్' అనాలా, 'షుడ్' అనాలా, 'షల్' అనాలా అని వాళ్ళతో చర్చ పెట్టండి. ఒక్క సహాయక క్రియతో ఆజ్ఞ సలహాగా మారిపోతుందని అప్పుడు బోధపడుతుంది. పోల్చి చూడ్డానికి మన దేశంలో 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం చెప్పండి. అది ప్రధానంగా పోషణ భత్యం గురించి, చూసి రావడం గురించి కాదు. తేడాను ఇంగ్లిష్‌లో ఐదు వాక్యాల్లో రాయమంటే మంచి హోంవర్క్.

వారానికి సాధన ఎలా సాగాలి?

ఎక్కువ ప్యాసేజీలు పైపైన చేయడం కంటే ఒక్కదాన్ని నాలుగుసార్లు తిప్పడం మేలు. మొదటి రోజు టైమ్ పెట్టుకుని చదివి ప్రశ్నలు చేయాలి. రెండో రోజు అందులోంచి ఐదు వాక్యాలు చైనీస్‌లోకి మార్చాలి. మూడు నాలుగు రోజులు ఆగి, ఇంగ్లిష్ చూడకుండా ఆ చైనీస్‌ను తిరిగి ఇంగ్లిష్‌లోకి తేవాలి. అప్పుడు మూలంతో పోల్చాలి. ఆర్టికల్స్ ఎక్కడ పడిపోయాయి, బహువచనం ఎక్కడ మర్చిపోయాడు, కాలం ఎక్కడ జారింది, అన్నీ ఎర్ర పెన్ను లేకుండానే బయటపడతాయి. చివరగా అదే విషయం మీద తన ఇంటి గురించి ఒక పేరా రాయాలి.

యాప్‌లో రోజుకు ఇన్ని పదాలని బట్టీ పట్టడం అక్కడ మామూలే. మానేయమని చెప్పకండి, వినరు. ఆ రోజు నేర్చిన పదాల్లో రెండింటిని ఈ పేరాలో వాడమనండి.

ఫోన్‌లో అనువాద యాప్ ఉంది కదా, ఈ తంటాలెందుకు?

పరీక్ష హాల్లో ఫోన్ ఉండదు. అది అలా ఉంచితే, ముందు తానే రాసి, తర్వాత యాప్ అనువాదంతో పోల్చుకుంటే లాభమే. చైనీస్‌లో కర్తను తరచూ వదిలేస్తారు, మాట్లాడేటప్పుడు 'అతను', 'ఆమె' రెండూ 'తా' అనే వినబడతాయి. నానమ్మ గురించిన పేరాలో మధ్యలో ఎక్కడో 'హీ' వచ్చిందా అని యాప్ ఇచ్చినదాంట్లోనూ, తన దాంట్లోనూ వెతకమనండి.

ఈ పాఠం చెబుతుంటే ఒక విద్యార్థి కంటతడి పెట్టింది. ఆపేయాలా?

పాఠం ఆపక్కర్లేదు, ఆమెను కాసేపు వదిలేయండి. నానమ్మ దగ్గర పెరిగి, ఆమె పోయినప్పుడు పరీక్షల వల్ల ఇంటికి వెళ్ళలేకపోయిన పిల్లలుంటారు. అందుకే గ్రూపు క్లాసులో 'మీ ఇంట్లో ఎవరున్నారు' అని వరసగా అడగకండి. ఇంటి గురించి రాయడం ఇష్టమైతేనే, లేకపోతే పార్కులో చూసిన ముసలాయన గురించి రాయొచ్చు అని ముందే చెప్పండి. రాసింది అందరి ముందూ చదివించకండి. భాష దిద్దేటప్పుడు కూడా ముందు రాసినదాని గురించి ఒక మాట మాట్లాడి, తర్వాతే 'ఇక్కడ ఎస్ పడిపోయింది' అనండి. ఆ వరుస తప్పితే ఆ అమ్మాయి మళ్ళీ మనసువిప్పి రాయదు.

ఇంకోటి, వృద్ధులంటే దిగులే అన్నట్టు పాఠమంతా నడపకండి. సాయంత్రాలు కూడళ్ళలో గుంపుగా నాట్యం చేసే పెద్దావిడలున్నారు. 1983లో షాన్‌డాంగ్ రాష్ట్రంలో మొదలై దేశమంతా పాకిన వృద్ధుల విశ్వవిద్యాలయాల్లో కాలిగ్రఫీ, ఇంగ్లిష్ నేర్చుకుంటున్నవాళ్ళున్నారు. వాళ్ళ మీద కూడా పేరాలు రాయించండి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని చైనా బడిపిల్లలకు ఆన్‌లైన్‌లో చెప్పొచ్చా?

2021 జూలైలో వచ్చిన నిబంధనల ప్రకారం, విదేశాల్లో ఉన్న విదేశీయులతో బడిపిల్లలకు ట్యూషన్ చెప్పించడం అక్కడి సంస్థలకు నిషిద్ధం. ఆ నిబంధనలు బడి వయసు పిల్లల గురించి, కాలేజీ విద్యార్థులూ పెద్దవాళ్ళూ వాటి కిందకు రారు. చైనా వెళ్ళి ఇంగ్లిష్ టీచరుగా చేరాలంటే, సాధారణంగా ఆ భాష మాతృభాషగా ఉన్న దేశపు పౌరులై ఉండాలి, డిగ్రీ, రెండేళ్ళ అనుభవం కూడా అడుగుతారు. కాబట్టి ఉద్యోగం ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు కట్టమంటే, ఏ తరగతి వీసా, ఏ పేరుతో పర్మిట్ అని ముందు రాతపూర్వకంగా అడగండి.